విదేశాలకు వెళ్లే మహిళా ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్‌కు ఏది మేలు: స్పెయినా, ఇంగ్లండా, అమెరికానా?

మైదానం నడుమ ఒక మిడ్‌ఫీల్డర్ తన సొంత గోల్ వైపు తిరిగి నిలుచుంది. డిఫెండర్ కొట్టిన బంతి దొర్లుతూ వస్తోంది. అది కాలికి అందేలోపు ఆమె రెండుసార్లు తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. ఆ చూపుకు అందని ప్రత్యర్థి మీదికి వస్తుంటే పక్కనున్న సహచరి కేక వేసి చెప్పాలి. ఇంగ్లండులో ఆ కేక ‘మ్యాన్ ఆన్’. జర్మనీలో ‘హింటర్‌మన్’. చుట్టూ ఎవరూ లేరు, నింపాదిగా తిరగవచ్చు అనడానికి స్పెయిన్‌లో ‘సోలా’ అంటారు. ఆ ఒక్క మాట బుర్రకెక్కడానికి అర సెకను ఆలస్యమైతే బంతి పోతుంది. పోయేది కూడా సొంత గోల్‌కు సరిగ్గా ఎదురుగా.

వింగ్‌లో ఆడేవాళ్లకు ఇంత బాధ లేదు. గీత పక్కన నిలబడితే ఒక వైపు నుంచి ఎవరూ రారు. ఫార్వర్డ్‌కైతే కొట్టిన గోల్సే సిఫార్సు ఉత్తరం. మిడ్‌ఫీల్డర్ పని అంత సులువుగా అంకెల్లోకి రాదు. ఆమె గొప్పతనం ముందున్నవాళ్ల పరుగులో, వెనకున్నవాళ్ల ధైర్యంలో బయటపడుతుంది. జట్టు మారితే నిన్నటి మేటి క్రీడాకారిణి ఇవాళ సాదాసీదాగా కనిపించవచ్చు. అందుకే ఆమె విషయంలో ‘ఏ లీగ్ గొప్పది’ అన్నది నాకు మొదటి ప్రశ్నగా తోచదు. ఆ జట్టులో ఆమె ఆడే చోటు ఖాళీగా ఉందా? పక్కన ఎవరు ఆడతారు? ఈ రెండూ తేలాకే లీగ్ పేరు, జీతం. ఈ కొలతతోనే మూడు పెద్ద లీగులను చూద్దాం.

స్పెయిన్: బడి గొప్పదే, బల్ల ఖాళీ లేదు

మిడ్‌ఫీల్డర్ల మనసు స్పెయిన్ మీదికి పోవడంలో వింత లేదు. 2021 నుంచి 2025 వరకు వరుసగా ఐదేళ్లు, ఏటా ప్రపంచ మేటి క్రీడాకారిణికి ఇచ్చే మహిళల బాలన్ డి ఓర్ బార్సిలోనా మిడ్‌ఫీల్డర్లకే దక్కింది. మొదటి రెండు అలెక్సియా పుతేయాస్‌వి, తర్వాతి మూడు ఐతానా బొన్మతీవి. నడుమ ఆడేవాళ్లను ఇంతగా నెత్తిన పెట్టుకున్న క్లబ్బు మహిళల ఫుట్‌బాల్‌లో మరొకటి లేదు.

ఇదే జాబితాను బయటి నుంచి వచ్చే అమ్మాయి కళ్లతో చూడండి. ఆమె చేరాల్సిన వరుస ఎంత పొడవో తెలుస్తుంది. 2024 మే 25న బిల్బావోలో ఫ్రాన్స్ క్లబ్బు లియోన్‌తో యూరప్ చాంపియన్స్ లీగ్ ఫైనల్ మొదలైనప్పుడు అలెక్సియా బెంచి మీద ఉంది. ఆఖర్లో మైదానంలోకి వచ్చి ఇంజురీ టైమ్‌లో రెండో గోల్ కొట్టింది, అది వేరే కథ. రెండు బాలన్ డి ఓర్‌లు అందుకున్న క్రీడాకారిణికే మొదటి పదకొండు మందిలో చోటు దొరకని రోజు ఉన్న జట్టు అది.

ఇంగ్లండు మిడ్‌ఫీల్డర్ కీరా వాల్ష్ సంగతి చూద్దాం. మాంచెస్టర్ సిటీ నుంచి 2022 సెప్టెంబరులో ఆమెను బార్సిలోనా కొన్నప్పుడు, ఆ బదిలీ రుసుము మహిళల ఫుట్‌బాల్‌లో అప్పటికి ప్రపంచ రికార్డు. సిటీలో ఆట అంతా ఆమె కాలి మీదుగానే నడిచేది. బార్సిలోనాలో అదే చోట అప్పటికే పాత్రి గిహార్రో ఉంది. 2023 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో జర్మనీ క్లబ్బు వోల్ఫ్స్‌బర్గ్ మీద రెండు గోల్స్ వెనకబడిన జట్టును రెండో సగం మొదట్లోనే రెండు గోల్స్ కొట్టి నిలబెట్టింది ఆ పాత్రియే. వాల్ష్ అక్కడ రెండు చాంపియన్స్ లీగులు గెలిచింది కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పు అనలేం. అయినా 2025 జనవరిలో చెల్సీకి, అంటే సొంత దేశానికి తిరిగి వచ్చేసింది. నార్వే మిడ్‌ఫీల్డర్ ఇంగ్రిడ్ ఎంగెన్ దారి ఇంకోలా సాగింది. 2021లో వోల్ఫ్స్‌బర్గ్ నుంచి బార్సిలోనా చేరి, అక్కడ ఎక్కువగా సెంటర్ బ్యాక్‌గా, అంటే నడిమి డిఫెండర్‌గా ఆడి, 2025లో లియోన్ వెళ్లింది. కప్పులకు లోటు లేదు. చోటు మాత్రం మారింది.

మరి మిగతా స్పెయిన్? అక్కడి మహిళల లీగ్ అయిన లీగా ఎఫ్‌లో 16 జట్లు, ఒక్కో జట్టుకు 30 మ్యాచులు. 2025 వరకు మూడు లీగుల్లోనూ ఎక్కువ మ్యాచులు ఇక్కడే. మధ్యస్థాయి జట్లు కూడా బంతిని నేల మీదే ఆడించాలని చూస్తాయి. ఇరుకు చోట బంతిని అందుకోవడం, ఒక్క టచ్‌లో దిశ మార్చడం ఇక్కడ నేర్చుకున్నంతగా మరెక్కడా నేర్చుకోలేరని నా నమ్మకం. కాకపోతే అంతరం మరీ ఎక్కువ. 2023–24లో బార్సిలోనా 30 మ్యాచుల్లో 29 గెలిచి ఒకటి డ్రా చేసుకుంది. దాంతో మిగతా జట్ల మిడ్‌ఫీల్డర్‌కు ఏడాదిలో రెండు మ్యాచులు నీడ వెంట పరుగెత్తడంతోనే సరిపోతాయి.

డబ్బు మాటకొస్తే ఇది మూడింటిలో బలహీనం. లీగ్‌కు 2021లో వృత్తి హోదా వచ్చింది. ఆ హోదాతో ఆడిన తొలి సీజన్ 2022–23. దాని మొదటి రౌండు రెఫరీల సమ్మెతో ఆగిపోయింది. మరుసటి ఏడాది మొదటి రౌండు క్రీడాకారిణుల సమ్మెతో ఆగింది! ఆ రెండో సమ్మె తర్వాతే, 2023–24కు, కనీస వేతనం ఏడాదికి 21,000 యూరోలకు చేరింది. పెద్ద క్లబ్బుల్లో జీతాలు వేరు. కింది సగంలో మాత్రం ఈ కనీసమే చాలామందికి కొలమానం. పరాయి దేశంలో అద్దె కట్టుకుంటూ బతకాల్సిన అమ్మాయి ఈ అంకెను రెండుసార్లు చదవాలి.

ఇంగ్లండు: భాష కలిసొస్తుంది, అనుమతి అడ్డొస్తుంది

మహిళల సూపర్ లీగ్ 2011లో ఎనిమిది జట్లతో మొదలైంది. 2018–19 నుంచి పూర్తిగా వృత్తి లీగ్. చాలా ఏళ్లుగా 12 జట్లు, 22 మ్యాచులు. 2026–27 నుంచి 14 జట్లు చేయాలని నిర్ణయించారు. 22 అనే అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కొత్తగా వచ్చిన మిడ్‌ఫీల్డర్‌కు అదే పెద్ద ఇబ్బంది. కుదురుకోవడానికి ఐదారు మ్యాచులు పడితే అప్పటికే సీజన్‌లో పావు వంతు అయిపోతుంది. కప్పు మ్యాచులు ఉంటాయి, నిజమే. కానీ కోచ్ నమ్మకం లీగ్ మ్యాచుల్లోనే కుదురుతుంది.

కలిసొచ్చేది భాష. ఇంతకుముందు చెప్పిన ఆ కేకలు చాలా దేశాల క్రీడాకారిణులకు ఎంతో కొంత ముందే తెలిసినవి. జట్టు సమావేశంలో కోచ్ చెప్పింది దుబాసీ లేకుండా అర్థమవుతుంది. ప్రయాణాలు చిన్నవి. లండన్‌లోనే పలు క్లబ్బులు ఉన్నాయి కాబట్టి కొన్ని బయటి మ్యాచులకు ఊరు దాటే పని కూడా ఉండదు.

ఆట తీరు వేరు. ఇక్కడ బంతి తరచూ గాల్లోకి లేస్తుంది. అది ఎవరి తలకో తగిలి కింద పడే చోట ముందుగా ఉండటమే మిడ్‌ఫీల్డర్ మొదటి పరీక్ష. ఒంటి బలం ఉన్నవాళ్లదే రాజ్యం అనుకునేలోపు యుయి హసెగావా గుర్తుకొస్తుంది. జపాన్‌కు చెందిన ఆమె ఎత్తు 157 సెంటీమీటర్లు. 2021 జనవరిలో టోక్యో నుంచి ఏసీ మిలాన్ వెళ్లి అక్కడ సగం సీజన్ ఆడింది. ఆ వేసవిలో వెస్ట్ హామ్ చేరి ఏడాది ఉంది. 2022 సెప్టెంబరులో, వాల్ష్ వెళ్లిపోయి ఖాళీ అయిన చోటికి మాంచెస్టర్ సిటీ ఆమెను తెచ్చుకుంది. అప్పటిదాకా ముందుండి ఆడిన మిడ్‌ఫీల్డర్‌ను డిఫెన్స్‌కు ముందు నిలబెట్టారు. ఢీకొనేలోపే బంతిని కాజేసే ఆమె నేర్పు చూస్తే ఒంటి బలం మాట మరచిపోతాం. ఎప్పుడైనా వీలైతే ఒక మ్యాచులో బంతిని వదిలేసి పది నిమిషాలు ఆమెనొక్కదాన్నే చూడండి. తల ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టడం కష్టం.

ఆమె దారిలో నాకు నచ్చేది మెట్ల వరుస. నేరుగా పెద్ద క్లబ్బుకు పోలేదు. చిన్న క్లబ్బులో ఇంగ్లండు ఆటకు అలవాటు పడింది, పెద్ద క్లబ్బులో ఖాళీ వచ్చిన రోజుకు సిద్ధంగా ఉంది. దీనికి ఎదురుగా జెస్సీ ఫ్లెమింగ్‌ను పెట్టి చూడవచ్చు. కెనడా తరఫున టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌లో పెనాల్టీ కొట్టి బంగారు పతకం గెలిచిన మిడ్‌ఫీల్డర్ ఆమె. 2020లో చెల్సీ చేరింది. చెల్సీ 2019–20 నుంచి 2024–25 దాకా వరుసగా ఆరు లీగ్ టైటిళ్లు గెలిచిన జట్టు. పతకాలు వచ్చాయి గానీ ప్రతి వారం చోటు మాత్రం ఖాయం కాలేదు. 2024లో ఆమె అమెరికా లీగ్ జట్టు పోర్ట్‌లాండ్‌కు వెళ్లింది.

ఇక అనుమతి. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి విదేశీ క్రీడాకారిణికి ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఆమోదం కావాలి. అది పాయింట్ల పద్ధతి. దేశ జట్టు ప్రపంచ ర్యాంకు ఎంత, ఆ జట్టు మ్యాచుల్లో ఎన్ని ఆడింది, ఇప్పుడున్న లీగ్ స్థాయి ఏమిటి అని చూస్తారు. ర్యాంకు తక్కువున్న దేశం నుంచి వచ్చే మిడ్‌ఫీల్డర్ ఎంత బాగా ఆడినా ఈ తలుపు నేరుగా తెరుచుకోకపోవచ్చు. ముందు యూరప్‌లో మరో లీగ్‌లో నిలదొక్కుకోవాలి. ఇంగ్లండును మొదటి మజిలీగా కాక రెండో మజిలీగా చూడమని నేను చెప్పడానికి ఇదొక కారణం.

అమెరికా: కాంట్రాక్టు గట్టిది, ప్రయాణం బండది

అమెరికా జాతీయ మహిళల సాకర్ లీగ్ 2013లో మొదలైంది. 2025లో 14 జట్లు, ఒక్కో జట్టుకు 26 మ్యాచులు, ఆ పైన ప్లేఆఫ్‌లు. 2026లో మరో రెండు జట్లు చేరాయి. కింది డివిజన్‌కు పడిపోవడం అనేది లేదు. జీతాల మొత్తం మీద పరిమితి ఉంది. 2025లో అది జట్టుకు 33 లక్షల డాలర్లు. ఈ రెండింటి వల్ల జట్ల మధ్య అంతరం తక్కువ. ఏ వారమూ తేలిక మ్యాచు ఉండదు. బార్సిలోనాలో ఆడే మిడ్‌ఫీల్డర్‌కు నెలకోసారి వచ్చే పరీక్ష ఇక్కడ వారం వారం ఎదురవుతుంది.

కాంట్రాక్టు విషయంలో ఈ లీగ్‌దే పైచేయి, అందులో నాకు అనుమానం లేదు. ఒకప్పుడు క్రీడాకారిణిని అడగకుండానే ఒక ఊరి నుంచి మరో ఊరికి మార్చేసేవారు. 2024 ఆగస్టులో కుదిరిన ఒప్పందంతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ఆమె ఒప్పుకుంటేనే మార్పిడి. కాలేజీ క్రీడాకారిణులను క్లబ్బులు పంచుకునే డ్రాఫ్ట్‌ను ఎత్తేశారు. కాంట్రాక్టులన్నిటికీ హామీ వచ్చింది. కనీస వేతనం 2025లో 48,500 డాలర్లు, 2030 నాటికి 82,500 డాలర్లు. ఇవేవీ ఊరికే రాలేదు. 2021లో కోచ్‌ల వేధింపులు బయటపడి పలువురు పదవులు పోగొట్టుకున్నారు. 2022లో న్యాయవాది శాలీ యేట్స్ విచారణ నివేదిక ఆ తీరు ఎంత లోతుగా పాతుకుపోయిందో వివరించింది. నేటి రక్షణల వెనక ఆ క్రీడాకారిణుల పోరాటం ఉంది.

మైదానంలో అయితే మిడ్‌ఫీల్డర్‌కు ఊపిరి సలపదు. బంతి ఈ చివరి నుంచి ఆ చివరికి వెంటవెంటనే మారుతుంటుంది. ఆటను నెమ్మదింపజేసి అల్లడం ఇష్టపడేవాళ్లు మొదటి సీజన్ అంతా చిరాకు పడటం ఖాయం. దానికి తోడు ప్రయాణాలు. సియాటిల్ నుంచి ఓర్లాండో నాలుగు వేల కిలోమీటర్ల పైమాట, గడియారం మూడు గంటలు ముందుకు. మండే వేసవి మధ్యలో సీజన్. పోర్ట్‌లాండ్ వంటి చోట్ల కృత్రిమ గడ్డి. పరుగెత్తడం, ఆగడం, తిరగడమే పనిగా ఉన్న మోకాళ్లకు ఇవి చిన్న విషయాలు కావు. సీజన్ మార్చి నుంచి నవంబరు దాకా నడుస్తుంది కాబట్టి యూరప్ క్యాలెండర్‌తో పొంతన కుదరదు. చాంపియన్స్ లీగ్ కల ఉన్నవాళ్లకు ఇక్కడ ఆ దారే లేదు.

అమెరికానూ యూరప్‌నూ రుచి చూసిన అమెరికా మిడ్‌ఫీల్డర్ లిండ్సే హోరన్. 18 ఏళ్లకే, 2012లో, కాలేజీని పక్కనపెట్టి పారిస్ సెయింట్ జెర్మెయిన్‌కు వెళ్లింది. 2016లో పోర్ట్‌లాండ్ వచ్చి, 2018లో లీగ్ ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2022లో లియోన్ దారి పట్టింది. ఫ్రాన్స్‌కు రెండోసారి వెళ్లినది వేరే క్రీడాకారిణి అనిపిస్తుంది. మొదటిసారి ఫార్వర్డ్‌గా వెళ్లిన అమ్మాయి రెండోసారి నడుమ ఆటను నడిపే మనిషిగా వెళ్లింది.

మిగతావి క్లుప్తంగా

ఫ్రాన్స్ అంటే చాలావరకు లియోన్, ఆ తర్వాత పారిస్. ఎనిమిది చాంపియన్స్ లీగులు గెలిచిన లియోన్‌కు స్పెయిన్ గురించి చెప్పిన చిక్కే వర్తిస్తుంది. జర్మనీ నాకు ఇంకాస్త నచ్చుతుంది. 2025–26 నుంచి 14 జట్లు, పద్ధతైన శిక్షణ, మిడ్‌ఫీల్డర్‌కు దేహదారుఢ్యం నేర్పే ఆట. భాష మాత్రం కూర్చుని నేర్చుకోవాల్సిందే. స్వీడన్ జీతంలో వెనక, ఆట అవకాశంలో ముందు. ఇరవై ఏళ్ల లోపు అమ్మాయి మొదటిసారి ఇల్లు వదిలేటప్పుడు నేను ముందుగా వెతికేది ఇలాంటి చోటే.

జర్మనీని మొదటి మెట్టుగా వాడుకున్నవాళ్లలో సాకి కుమగాయ్‌ను మించినవాళ్లు అరుదు. 2011 ప్రపంచ కప్ ఫైనల్‌లో జపాన్‌ను గెలిపించిన చివరి పెనాల్టీ ఆమెదే. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లింది. 2013లో లియోన్ చేరి, 2016 నుంచి 2020 వరకు ఐదు చాంపియన్స్ లీగులు గెలిచింది. తర్వాత బాయర్న్, రోమా, 2025 జనవరిలో లండన్ సిటీ లయనెసెస్. దేశ జట్టుకు ఎక్కువగా డిఫెండర్, క్లబ్బులో ఎక్కువగా మిడ్‌ఫీల్డర్. రెండు చోట్లా ఆడగలగడమే ఆమెకు అన్నేళ్ల పని కల్పించింది. ఎంగెన్ విషయంలో నష్టంగా అనిపించినది ఇక్కడ ఆయుష్షు పెంచింది. ఈ ఒక్క విషయంలో నా లెక్క నాకే సరిపోదు.

జీతం పక్కన చదవాల్సిన పేజీలు

మిడ్‌ఫీల్డర్ సారా బ్యోర్క్ గున్నార్స్‌డోట్టిర్‌ది ఐస్‌లాండ్. స్వీడన్‌లో ఐదేళ్లు, వోల్ఫ్స్‌బర్గ్‌లో నాలుగేళ్లు ఆడి 2020లో లియోన్ చేరింది. ఆ ఏడాది చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో పాత జట్టు వోల్ఫ్స్‌బర్గ్ మీదే మూడో గోల్ కొట్టింది. 2021లో గర్భవతి అయి స్వదేశం వెళ్లింది. అక్కడ ఉండగా బ్యాంకు ఖాతా చూసుకుంటే రావాల్సిన జీతం రాలేదు. అంతకు కొద్ది నెలల ముందే, 2021 జనవరి 1 నుంచి, కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, ఆ కాలానికి కనీసం మూడింట రెండొంతుల జీతం ఇవ్వాలని ఫిఫా నియమం పెట్టింది. ఆమె ఫిర్యాదు చేసింది. 2022లో తీర్పు ఆమె వైపే వచ్చింది. బకాయి 82 వేల యూరోలకు పైగా చెల్లించాలని ఫిఫా ట్రైబ్యునల్ లియోన్‌ను ఆదేశించింది. ఏ లీగ్‌కు వెళ్లినా ఈ నియమం వర్తిస్తుంది. అయినా కాంట్రాక్టులో ఆ పేజీ ఏ భాషలో ఉందో, తనకు అర్థమయ్యే భాషలో నకలు ఉందో లేదో చూసుకోవాలి.

రెండోది మోకాలు. 2022–23లో ఒక్క ఆర్సెనల్‌లోనే మీడ్, మీడెమా, విలియమ్సన్, వీన్‌రోయితర్ అనే నలుగురికి మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగింది. జర్మనీ మిడ్‌ఫీల్డర్ లేనా ఓబర్‌డోర్ఫ్ 2024 జులైలో బాయర్న్‌కు మారింది. అదే నెల దేశ జట్టుకు ఆడుతూ లిగమెంటు తెగి, క్లబ్బుకు ఒక్క మ్యాచు ఆడకముందే మంచం పట్టింది. ఈ గాయమైతే తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది ఆట ఉండదు. ఒక ఏడాది కాంట్రాక్టుతో వెళ్లిన అమ్మాయికి గాయం మానేలోపు కాంట్రాక్టే ముగుస్తుంది. అందుకే జీతం కొంత తగ్గినా రెండేళ్ల కాంట్రాక్టే మేలంటాను. ఫిఫా ఐదేళ్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, ఇరవై మూడేళ్ల మిడ్‌ఫీల్డర్ అంతకాలం ఒకే కోచ్ ఇష్టానికి కట్టుబడటం కూడా నాకు సమ్మతం కాదు. క్లబ్బులో అందరికంటే ముందు మారేది కోచే.

నా ఓటు

పందొమ్మిది, ఇరవై ఏళ్లకైతే స్వీడన్ లేదా జర్మనీలో చిన్న క్లబ్బు, ప్రతి వారం ఆట. ఇరవై రెండు, ఇరవై మూడుకు బంతి నేర్పు ముఖ్యమనుకుంటే స్పెయిన్‌లో బార్సిలోనా కాని క్లబ్బు. ఇరవై నాలుగు దాటి, దేశ జట్టులో కుదురుకున్నాక ఇంగ్లండు. మొదట మధ్యస్థాయి క్లబ్బు, తర్వాత పెద్దది. కెరీర్ మధ్యలోనో చివర్లోనో, కాంట్రాక్టు భద్రత కావాలనుకున్నప్పుడు అమెరికా. మూడింటిలో ఒక్కదాన్నే ఎంచమంటే ఇంగ్లండు పేరు చెబుతాను, మెట్ల వరుస తప్పనంతవరకు.

సంతకానికి ముందు జీతం గురించి ఏజెంటు మాట్లాడతాడు. కోచ్‌ను మాత్రం ఆమే స్వయంగా ఒక్కటి అడగాలి: ‘నాకంటే ముందు ఈ చోట ఆడినామె ఎందుకు వెళ్లిపోయింది?’ మాంచెస్టర్ సిటీలో 2022లో ఆ ప్రశ్నకు సూటి జవాబు ఉంది: ఆమెను బార్సిలోనా కొనుక్కుంది. జవాబు నీళ్లు నములుతూ వస్తే కలం మూసి జేబులో పెట్టుకోవచ్చు. అసలు ఎవరూ వెళ్లిపోలేదని, ఆమె ఇంకా అక్కడే ఆడుతోందని తెలిస్తే ఆ క్లబ్బు ఎంత పెద్దదైనా సరే, తర్వాతి ఫోనుకు ఎదురుచూడాలి.